జున్ను కాదు, జిన్ను

సంక్రాంతికి పరదేశాల నుంచి దిగే పిల్లలు ఏమి తెస్తారో ముందుగా వూహించడం మా రాజమండ్రి పెద్దవాళ్ళకు యిప్పుడొక కాలక్షేపం. చాకొలెట్లు సరే సరి. మోకాళ్ళ నొప్పులకు పూతమందులు వస్తాయి. ఎందుకు వాడాలో తెచ్చినవాళ్ళకే తెలియని వంట సామాను వస్తుంది. ఈసారి మా మేనల్లుడు లండను నుంచి వస్తూ, పెట్టెలో బట్టల మధ్య పసిపిల్లను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి, ఒక సీసా తెచ్చాడు.

"ఏమిట్రా అది?" అన్నది మా మేనత్త. ఆవిడకు ఎనభై అయిదేళ్ళు. చూపు తగ్గింది. చెవి అంతకంటే తగ్గింది. ముక్కు మాత్రం పెళ్ళినాటి ముక్కే.

"జిన్ను, అమ్మమ్మా!"

"జున్నా! ఎవరి గేదె ఈనిందిరా? ఆ దేశం నుంచి యీ దేశం వచ్చేదాకా జున్నుపాలు విరిగిపోలేదూ?"

"జున్ను కాదు, జిన్ను. అందులోనూ యిది పీపాలో మాగబెట్టిన జిన్ను."

"మాగబెట్టడానికి అదేమన్నా మామిడికాయా?" అన్నది ఆవిడ.

నా భార్య వంటింట్లోంచి తొంగి చూసి, విషయం గ్రహించి, కాస్త కటువుగానే అన్నది: "మన యింటా వంటా లేని అలవాటు."

పాఠకులు యీ వాక్యాన్ని గుర్తుపెట్టుకోవాలని మనవి. దీని సంగతి ముందు ముందు చెప్పుకోవలసింది వుంది.

కుర్రవాడు తగ్గలేదు. ముప్ఫై రెండేళ్ళవాడు, ఉద్యోగస్థుడు, యింతకాలానికి మేనమామ యింట ఒక ముచ్చట తీర్చుకుంటానంటే కాదనడం నా వల్ల కాలేదు. భోజనాలయ్యాక డాబామీద కుర్చీలు వేయించాడు. తనతో తెచ్చిన రెండు చిన్న గాజుగ్లాసులు బల్లమీద పెట్టాడు. కలువమొగ్గలాగా అడుగున బొద్దుగా, మూతి దగ్గర సన్నగా వున్నాయి. మామూలు జిన్ను మంచినీళ్ళలాగా తెల్లగా వుంటుందట. ఇది అలా లేదు. పలచని తేనె కలిపిన నీళ్ళ రంగు. ఒక్కొక్క గ్లాసులో రెండు గుటకలకు మించకుండా పోసి, "తాగకండి మావయ్యా, ముందు వాసన చూడండి" అన్నాడు.

ఇంతలో మా అత్తయ్య చెయ్యి చాచింది. రెండో గ్లాసు ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒక్క నిమిషం వూరుకుని, "ఇది కుమార్యాసవం గదరా!" అన్నది.

అందరం నవ్వాం. ఆవిడ నవ్వలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక మా నాన్నగారి వైద్యగ్రంథం దుమ్ము దులిపి చూశాను. కుమార్యాసవం అంటే కలబందతో చేసే ఆసవం; ఆడవాళ్ళకూ, అరుగుదల లేనివాళ్ళకూ వైద్యులు యిస్తూవుంటారు. అందులో పడే దినుసుల పట్టీ మా యింటి పచారీ చిట్టా కంటే పొడుగు. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, లవంగాలు, ఏలకులు, దాల్చినచెక్క ... ఆ వరుసలో పక్కపక్కనే రెండు పేర్లు కనిపించాయి: హపుష, ధనియాలు.

హపుష అంటే హిమాలయాలలో పెరిగే ఒక పొద. దాని కాయలు నల్లనివి, బఠాణీ గింజంత వుంటాయి. ఇంగ్లీషువాళ్ళు దానినే జూనిపర్ అంటారు. జిన్నుకు ఆ పేరు వచ్చింది ఆ కాయనుంచే. జూనిపర్ లేనిదే జిన్ను లేదు. దాని తరువాత జిన్నులో ముఖ్యమైన దినుసు మరేమిటో కాదు, మన ధనియాలే. ఎనభై అయిదేళ్ళ ముక్కు తప్పు చెప్పలేదు. నవ్విన మేమే తప్పు.

* * *

జిన్ను పుట్టుక కూడా మందుగానే అయింది. ధాన్యం నుంచి బట్టీ పట్టిన సారాయిలో జూనిపర్ కాయలు వేసి హాలెండువాళ్ళు ఔషధంగా వాడేవారు. దానికి జెనీవర్ అని పేరు. అది ఇంగ్లండు చేరి, పేరు కురచయి, ధర దిగి, పద్ధెనిమిదో శతాబ్దంలో లండను పేటలను ముంచెత్తింది. తల్లి మైకంలో మెట్లమీద కూర్చుని వుండగా చంకలోని బిడ్డ జారి కింద పడిపోతున్నట్టు హోగార్త్ అనే చిత్రకారుడు 1751లో ఒక బొమ్మ వేశాడు. ఆ సంవత్సరమే పార్లమెంటు జిన్ను అమ్మకాన్ని కట్టడి చేస్తూ చట్టం చేసింది. మందుగా గడప దాటి వచ్చిన వస్తువు కొలత తప్పితే ఏమవుతుందో ఆ బొమ్మలో వుంది.

మన దేశంలో తెల్లవాళ్ళు యీ జిన్నును క్వినైనుకు తోడు చేసుకున్నారు. మలేరియాకు క్వినైను తప్పదు. క్వినైను చేదు మింగుడుపడదు. సోడా, పంచదార, క్వినైను కలిసిన టానిక్కులో జిన్ను పోసుకుంటే మింగుడుపడింది. మన్యం జ్వరం అంటే ఏమిటో తెలిసిన గోదావరివాళ్ళకు క్వినైను చేదు గురించి వేరే చెప్పనక్కరలేదు. దోమకూ మలేరియాకూ వున్న సంబంధాన్ని రొనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికిందరాబాదులోనే.

ఇక పీపా సంగతి. పాతరోజుల్లో గాజుసీసాలు ఖరీదు. జిన్ను అంగడికి చేరినా, ఓడ యెక్కినా చెక్క పీపాలలోనే. అందులో వున్నన్నాళ్ళూ ఆ కర్ర రంగూ రుచీ కాస్త పట్టేవి. సీసాలు చౌక అయ్యాక పీపాలు పోయాయి, తెల్లజిన్నే జిన్ను అయిపోయింది. ఈ శతాబ్దంలో కొందరు మళ్ళీ కావాలని పీపాలలో పోయడం మొదలుపెట్టారు. ఓకు కర్రతో చేసిన పీపా లోపలి భాగాన్ని మంటతో మాడుస్తారు. ఆ మాడిన చెక్కలోంచి వెనిలా వాసన, లవంగం వాసన, కాస్త వగరు దిగుతాయి. ఇంకొక వాసన కూడా దిగుతుంది. అది మన కోనసీమవాళ్ళు నమ్మరు గాని, అచ్చంగా కొబ్బరి వాసన. ఓకు కర్రలో వుండే ఒక పదార్థానికి ఆ గుణం వుందట. విస్కీ అయితే పీపాలో ఏళ్ళ తరబడి వుండాలి. జిన్నుకు కొన్ని వారాలో, కొన్ని నెలలో చాలు. అంతకు మించితే చెక్క రుచి పైకెక్కి, జూనిపర్ అడుగున పడిపోతుంది. అప్పుడది జిన్నూ కాదు, విస్కీ కాదు.

"అంటే ఎప్పుడు తీయాలో తెలియడమే విద్యన్నమాట" అన్నాను.

"అంతే మావయ్యా. రోజూ ఒకడు చెంచాడు తీసి రుచి చూస్తూ వుంటాడు."

ఆ మాటతో నాకు అరవై యేళ్ళ కిందటి ఒక పెరడు గుర్తొచ్చింది.

* * *

మా స్వగ్రామం ఆలమూరు ప్రాంతం, గౌతమి వొడ్డు. చింతలూరు ఆ చుట్టుపక్కలదే. అక్కడి వేంకటేశ్వర ఆయుర్వేద నిలయం పేరు వినని గోదావరి కుటుంబం వుండదు. మా వూళ్ళో కూడా ఒక వైద్యులుగారుండేవారు. తన మందులు తనే చేసుకునేవారు. ఆయన పెరట్లో అరిష్టాలు పెట్టే రోజున పిల్లలందరం చేరేవాళ్ళం. పాతబెల్లం ముక్క దొరుకుతుందని ఆశ.

పచ్చి దినుసులతో, కాచకుండా చేస్తే ఆసవం. కషాయం కాచి చేస్తే అరిష్టం. అంతే తేడా. ముందు బాన సిద్ధం చేసేవారు. కడిగి, ఎండబెట్టి, లోపల నెయ్యి పూసి, గుగ్గిలం పొగ పట్టేవారు. వాళ్ళు పీపాను మంటతో మాడిస్తే మనవాళ్ళు కుండకు పొగ పెట్టారు. పాత్ర కూడా మందులో భాగమేనని యిద్దరికీ తెలుసు. తరువాత చల్లారిన కషాయం, బెల్లం, తేనె, చూర్ణాలు. చిట్టచివర ఆరెపువ్వు. ఎర్రని చిన్న పువ్వు. సంస్కృతంలో ధాతకి అంటారు. పులియబెట్టే సూక్ష్మజీవులు ఆ పువ్వును అంటిపెట్టుకుని వస్తాయని యిప్పటి శాస్త్రం. అప్పటి వైద్యులుగారు మాత్రం "అది లేనిదే బానకు ప్రాణం రాదురా" అనేవారు. మూతిమీద మూకుడు పెట్టి, గుడ్డకు మట్టి పూసి బిగించి, గాదెలో వడ్ల మధ్య పూడ్చిపెట్టేవారు. వడ్ల వెచ్చదనం పగలూ రాత్రీ ఒక్కలాగే వుంటుంది. నెల్లాళ్ళు అలా వుండాలి.

మధ్య మధ్య ఆయన బానకు చెవి ఆనించి వినేవారు. నన్నూ విననిచ్చేవారు. లోపల చెరువులో బుడగలు లేచినట్టు బుసబుస. ఆ చప్పుడు ఆగిన తరువాత మూకుడు తీసి, వెలుగుతున్న పుల్లను మూతిలోకి దించేవారు. పుల్ల ఆరిపోతే లోపల యింకా బొగ్గుపులుసు వాయువు వున్నట్టు; పులియడం పూర్తికాలేదు. వెలుగుతూనే వుంటే అయినట్టు. పువ్వు రేకులు అడుగుకు దిగాయా లేదా చూసేవారు. ఆఖరున ఉద్ధరిణెడు తీసి నాలిక మీద వేసుకునేవారు. పులుపు తగిలిందా, ఎంత బెల్లం పోసినదైనా సరే, పెంటకుప్ప పాలే. బాగుంటే మరుక్షణం మాట్లాడేవారు కాదు. కొంతసేపు అలా వుండిపోయి, "ఇంకో ఏడాది నిలవుంటే యింకా బాగుంటుంది" అనేవారు. పాతబడినకొద్దీ అరిష్టానికి గుణం హెచ్చుతుందని మన శాస్త్రం.

ఇక్కడ ఒక్క తేడా చెప్పాలి. జిన్నులో మత్తు బట్టీలోనే తయారై పీపాలోకి పోతుంది; నూటికి నలభై పాళ్ళకు అటూ యిటూగా వుంటుంది. అరిష్టంలో మత్తు కుండలోనే పుడుతుంది. అది నూటికి అయిదు నుంచి పది పాళ్ళు; మన చట్టం పన్నెండు దాటకూడదన్నది. తక్కువే. కాని లేకపోలేదు. తాటికల్లు గీసే మనిషి తన కుండలో ఏమున్నదో దాచుకోలేదు. పొద్దున దించితే తీపి, ఎండెక్కితే పులుపు. కుండకు సున్నం రాస్తే పులియకుండా బెల్లానికి పనికి వస్తుంది, రాయకపోతే కల్లు. అతడికి తన సరుకు పేరు తెలుసు. పేరు తెలియనిది, తెలిసినా చెప్పనిది మాబోటి యిళ్ళల్లోనే.

* * *

మా బాబాయి పెన్షను తీసుకున్న హెడ్మాస్టరు. ఆయన చేతివ్రాత చూసి వూరు వూరంతా అక్షరాలు దిద్దుకుంది. జీవితంలో సిగరెట్టు ముట్టలేదు. పిన్ని 1993లో పోయింది. పిల్లలు లేరు; రాజమండ్రి వచ్చి మా యింట్లోనే, మా అత్తయ్య కనిపెట్టి చూస్తూండగా వుండేవాడు. రాత్రిళ్ళు నిద్ర లేదు, పొడిదగ్గు, నీరసం. వైద్యుడు ద్రాక్షారిష్టం రాసి యిచ్చాడు. భోజనం తరువాత ఔన్సులో సగం, అంతే కొలత నీళ్ళు కలిపి. గీతలు గీసిన ఔన్సు గ్లాసు ఒకటి మా తాతగారి నాటిది వుండేది. అత్తయ్య దానితోనే కొలిచి యిచ్చేది. బాబాయికి నిద్ర పట్టింది. అందరం సంతోషించాం.

అవి మద్యనిషేధం రోజులు. ఆంధ్రలో అది చిన్న విషయం కాదని పెద్దవాళ్ళకు తెలుసు. 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం పడిపోయింది యీ తగువులోనే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారాకొట్టు మూయించి రాష్ట్రాన్ని కదిలించారు. 1995 జనవరి 16 నుంచి ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం సంపూర్ణ నిషేధం పెట్టింది. మా బాబాయి ఆ రోజున పాయసం చేయించాడు. నిజంగానే చేయించాడు, అందులో నటన లేదు. తాగేవాళ్ళు యానాం వెళ్ళి వస్తున్నారని విని అసహ్యించుకునేవాడు.

సీసాలు తెచ్చేది నేను. మొదట నెలకు రెండు. తరువాత వారానికి రెండు. 1996 వేసవి నాటికి రోజుకొకటి. "నిద్ర పట్టడంలేదురా, ఒంట్లో సారం లేదు" అనేవాడు. ఔన్సు గ్లాసు పోయి కాఫీ గ్లాసు వచ్చింది. నీళ్ళు కలపడం పోయింది. ఒకనాడు కొట్లో కుర్రవాడు అడిగాడు: "మీ యింట్లో యెంతమందికండీ దగ్గు?" నాకు కోపం వచ్చింది. మరునాటి నుంచి వేరే కొట్టుకు వెళ్ళాను. ఆ కోపం యెవరిమీదో ఆనాడు ఆలోచించుకోలేదు.

ఆ నవంబరు 6న తుపాను కోనసీమను వూడ్చేసింది. తరువాత కొద్దిరోజులకే కార్తీకమాసం. తెల్లవారుజామున గోదావరి స్నానానికని వెళ్ళి బాబాయి రేవు మెట్లమీద జారిపడ్డాడు. తుంటి యెముక విరిగింది. ఆసుపత్రిలో చేర్చాం. డాక్టరు వరుసగా అడిగాడు: షుగరు వుందా, రక్తపోటు వుందా, తాగుడు అలవాటుందా?

"మా యింటా వంటా లేదండీ" అన్నాను నేను.

రెండో రాత్రి బాబాయి చేతులు వణకడం మొదలుపెట్టాయి. ఒళ్ళంతా చెమట. దుప్పటిమీద చీమలు పాకుతున్నాయనీ, దులపమనీ కేకలు. మూడేళ్ళ క్రితం పోయిన పిన్నిని పేరు పెట్టి పిలిచాడు. తలకు దెబ్బ తగిలిందేమోనన్నారు. రక్తానికి విషం యెక్కిందేమోనన్నారు. తెల్లవార్లూ పరీక్షలు. తెల్లవారాక మా అత్తయ్య డాక్టరు దగ్గరకు వెళ్ళింది. నేను పక్కనే వున్నాను.

"బాబూ, మా అన్నయ్య రోజుకు మూడు సీసాల ద్రాక్షారిష్టం తాగుతాడు. వీడు తెచ్చేది ఒకటి. వీధి చివర కుర్రాడిచేత తెప్పించుకునేవి రెండు. ఖాళీ సీసాలు కడిగేది నేను. ఏడు నెలలుగా లెక్క నాకు తెలుసు."

డాక్టరు మమ్మల్ని తిట్టలేదు. కాగితం తీసుకుని లెక్కవేశాడు. సీసాకు 450 మిల్లీలీటర్లు. మూడు సీసాలంటే 1,350. నూటికి పది పాళ్ళు చొప్పున 135 మిల్లీలీటర్ల అసలు సారాయి. "ఇది రోజూ దాదాపు అరసీసా విస్కీ తాగే మనిషి లెక్కండీ. ఒక్కసారిగా ఆగిపోయేసరికి యిలా అయింది. మొన్ననే చెప్పివుంటే నిన్నరాత్రి రానిచ్చేవాళ్ళం కాదు" అన్నాడు. దానికి తగిన మందు వేశారు. మూడు రోజులకు బాబాయి మనిషయ్యాడు.

తప్పు ద్రాక్షారిష్టానిది కాదు, తయారుచేసినవారిది కాదు, రాసిచ్చిన వైద్యుడిది అంతకంటే కాదు. ఆయన ఔన్సులో సగమనే రాశాడు.

బాబాయి ఆ తరువాత ఎనిమిదేళ్ళు బతికాడు. మళ్ళీ అరిష్టం ముట్టలేదు; దగ్గు వస్తే చూర్ణం అడిగేవాడు. ఒక్కసారి మాత్రం, ఆ సంగతి నేను యెత్తకుండానే అన్నాడు: "తెలియక తాగానని నువ్వనుకుంటావేమోరా. నాకు వేసవిలోనే తెలుసు. కాని మీరందరూ దాన్ని మందు అంటూ వుంటే, నేను మాత్రం యెందుకు వేరే పేరు పెట్టాలి?"

మన భాషలో యిదొక చిత్రం. డాక్టరు యిచ్చేదీ మందే, దుకాణంలో దొరికేదీ మందే. నాకు నవ్వులాటగా వుండేది యీ మాట. ఆ నాటి నుంచి నవ్వు రావడం లేదు.

* * *

మళ్ళీ డాబామీదికి వద్దాం. ఇదంతా మా మేనల్లుడికి తెలియదు. అప్పటికి వాడు చంటిబిడ్డ. మరునాడు కనుమ సాయంత్రం వాడికి ఆసాంతం చెప్పాను. విని చాలాసేపు మాట్లాడలేదు. సీసా తీసి లోపల పెట్టేస్తానన్నాడు.

"వద్దు. నీ పద్ధతి ఏమిటో సాంతం చూపించు" అన్నాను.

వాడి పద్ధతి చెప్పుకోదగ్గదే. ఇందులో టానిక్కు పోస్తే పీపాలో పడ్డ శ్రమంతా గల్లంతు. ముందు వొట్టిదే పోయాలి, మంచు లేకుండా. గ్లాసు మూతిలో ముక్కు దూర్చకూడదు. ఘాటు అంటి, తక్కిన వాసనలు తెలియవు. కాస్త దూరంగా పట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి పీల్చాలి. మొదట జూనిపర్, గుగ్గిలంలాగా. తరువాత ధనియాలు. ఆఖరున చెక్క. ఒక చిన్న గుటక నాలికంతా తిరగనిచ్చి మింగాలి. తరువాత నాలుగు చుక్కల మంచినీళ్ళు వేస్తే దాగివున్న వాసనలు పైకి వస్తాయి. కావలసినవాళ్ళు ఒక పెద్ద మంచుగడ్డ, ఒక నారింజతొక్క ముక్క వేసుకోవచ్చు. భోజనానికి ముందు కాదు, భోజనం తరువాత తీసుకోవలసిన వస్తువిది. ఇంగ్లండులో కొట్టువాడు పోసే కొలత పాతిక మిల్లీలీటర్లని చట్టమట. కొన్నిచోట్ల ముప్ఫై అయిదు. కంటి అందాజుతో పోస్తే నేరం.

భోజనం తరువాత, కొలిచి, మంచినీళ్ళు కలిపి, మెల్లిగా. నాకు ఇది యెక్కడో విన్నట్టుంది. లేచి వెళ్ళి బీరువా అడుగు అర నుంచి ఔన్సు గ్లాసు తెచ్చాను. గీతలు సగం చెరిగిపోయాయి. దానితో కొలిచి నా గ్లాసులో పోశాను, ఔన్సులో సగం. బాగున్నదా అంటే, బాగుంది. కొబ్బరి వాసన నిజంగానే వచ్చింది. రెండోసారి అక్కర్లేకపోయింది.

తాగండనీ మానండనీ పాఠకులకు చెప్పే అధికారం నాకు లేదు. రెండు మాటలు మాత్రం చెప్పదలచాను. మీ యింట్లో యెవరైనా అరిష్టమో, ఆసవమో, సీసాలో వచ్చే మరో టానిక్కో వాడుతూ వుంటే, ఆపరేషనుకో, జ్వరానికో డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు అది మందే గదా అని వూరుకోకండి. పేరూ కొలతా చెప్పండి. గర్భిణులకూ పసివాళ్ళకూ కాలేయం చెడినవాళ్ళకూ వైద్యుణ్ణి అడగకుండా యివ్వకండి. తాగుడు మానడానికి మాత్రలు వేసుకునేవాళ్ళకైతే అరిష్టంలోని ఆ కాస్త మత్తే ప్రమాదం తెచ్చిపెట్టగలదు. రెండో మాట: కొలగిన్నె పోయి కాఫీ గ్లాసు వచ్చిన రోజున ఇంట్లో ఎవరో ఒకరు నోరు విప్పాలి. మా యింట్లో విప్పవలసినవాణ్ణి నేను. విప్పింది మా అత్తయ్య, అదీ ఆలస్యంగా.

ఆ సాయంత్రం ఆవిడ కూడా డాబామీదే వుంది. గ్లాసులో చిటికెనవేలు ముంచి నాలికకు రాసుకుని తీర్పు చెప్పింది: "బెల్లం తక్కువయింది." తరువాత సీసా అడిగి తీసుకుంది. దాచిపెడుతుందేమో అనుకున్నాం. ఆవిడ కొంగున ముడివేసి వున్న కాటుక పెన్సిలు తీసి, మనవరాలిదట, సీసాలో సరుకు యెంతవరకు వున్నదో అక్కడ, చీటీమీద ఒక గీత గీసి వాడి చేతికిచ్చింది.

"రోజూ చూస్తాను. లెక్క తప్పితే అడుగుతాను" అన్నది.

"చూపు ఆనదంటావు గదా అమ్మమ్మా?"

"గీతలూ సీసాలూ ఆనతాయిలే!" అన్నది మా అత్తయ్య.